ఓటీ (ఓవర్‌టైమ్) 46 గంటలు చేస్తే 36కే డబ్బు ఇచ్చారు, ఏం చేయాలి?

అన్నా, మాది జగిత్యాల జిల్లా. దుబాయ్ వచ్చి నెలన్నర అయింది. బిల్డింగ్ పనిలో హెల్పర్‌ని. మొదటి నెల 46 గంటలు ఓటీ చేశాను. స్లిప్పులో 36 గంటలే ఉన్నాయి. రేటు కూడా నేను అనుకున్నదానికంటే తక్కువ పడింది. ఫోర్‌మన్‌ని అడిగితే ఆఫీసుకు పొమ్మంటాడు, ఆఫీసులో ఫోర్‌మన్‌ని అడగమంటారు. ఎవరిని పట్టుకోవాలి?

తమ్ముడూ, ముందు ఎవరినీ పట్టుకోకు. నేను పట్టుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

2013లో వచ్చాను. ఏజెంటుకు కట్టిన 90 వేలు ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి. నా జీతం 800 దిర్హమ్‌లు, అందులో బేసిక్ (మూల జీతం) 600, మిగతా 200 అలవెన్సులు. మొదటి నెల 48 గంటలు ఓటీ పడింది. రాత్రి బంకు మంచం మీద పడుకుని ఫోన్‌లో లెక్కేశాను. 800ని 30తో, మళ్లీ 8తో భాగించి, దానికి ఓటీకి ఇచ్చే పావు వంతు కలిపితే 48 గంటలకు సరిగ్గా 200 దిర్హమ్‌లు వస్తాయని తేలింది. అదే రాత్రి ఇంటికి ఫోన్ చేసి ఈ నెల వడ్డీతో పాటు కొంత అసలు కూడా కట్టేద్దామని గొప్పగా చెప్పాను. చేతికి వచ్చింది 150. ఆ 50 అప్పట్లో మన దగ్గర 800 రూపాయలు. పది మందిలో ఫోర్‌మన్‌ని దొంగ అన్నాను. పాపం, ఆయన తప్పేమీ లేదు. ఓటీ కట్టేది బేసిక్ మీద. 600 మీద గంటకు 2.50, పావు వంతు కలిపితే 3.125. నలభై ఎనిమిది సార్లు వేసి చూడు. నీ రేటు సంగతి కూడా తొంభై పాళ్లు ఇదే. కాంట్రాక్టు కాగితం తీసి బేసిక్ ఎంతో చూడు. మొత్తం జీతం చూసి మురిసిపోవడం మనవాళ్లందరికీ ఉన్న జబ్బే.

ఇక ఆ 10 గంటలు. చాలా కంపెనీలు హాజరును నెలాఖరు దాకా ఉంచవు. 20కో 25కో మూసేసి జీతం లెక్కలు మొదలుపెడతాయి. తర్వాతి రోజుల ఓటీ వచ్చే నెలలో పడుతుంది. రోజుకు రెండు గంటల చొప్పున అయిదు రోజులంటే పది గంటలేగా? మీ దగ్గర ఏ తారీఖున మూస్తారో హాజరు రాసే టైమ్ కీపర్‌ని అడుగు. ఫోర్‌మన్‌కీ తెలియకపోవచ్చు, ఆఫీసులో కూర్చునే అమ్మాయికీ తెలియకపోవచ్చు. టైమ్ కీపర్‌కి తెలుస్తుంది. ఇప్పుడు నేను చేసే పని అదే. 300 మంది హాజరు నా చేతి మీదుగా పోతుంది. ఒకప్పుడు సరిగా కూడిక రానివాడికి ఇది తక్కువేం కాదు.

ఇంకో పొరపాటు చెబుతాను, దీన్ని మాత్రం జాగ్రత్తగా విను. రెండో ఏడు నేను వేరే సైట్‌లో రోజూ గంటన్నర ఓటీ చేసేవాణ్ని. టైమ్‌షీట్‌లో 1.30 అని నేనే రాసిచ్చేవాణ్ని. కంప్యూటర్‌కి 1.30 అంటే గంటన్నర కాదు, గంటా పద్దెనిమిది నిమిషాలు. గంటన్నరకు 1.5 అని రాయాలి. 26 రోజులకు 5.2 గంటలు, అంటే 16 దిర్హమ్‌ల పైచిలుకు, నా చేతి రాతతోనే పోయాయి. నాలుగు నెలలు ఎవరూ చెప్పలేదు. పోగొట్టుకునేవాడికి తెలియనప్పుడు చెప్పే ఖర్మ ఎవరికి?

ఉదయం నాలుగున్నరకు బస్సెక్కి రాత్రి ఏడుకి దిగితే పద్నాలుగున్నర గంటల డ్యూటీ అనుకోకు. బస్సు గంటలు మామూలుగా లెక్కలోకి రావు, భోజనం గంట రాదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని ఆపే విరామమూ రాదు. రోజుకు ఎనిమిది, వారానికి నలభై ఎనిమిది దాటాకే ఓటీ. రాత్రి పది నుంచి తెల్లవారుజామున నాలుగు మధ్య చేస్తే పావు వంతుకు బదులు సగం కలుపుతారు. మిగతా రూల్స్ కార్మిక శాఖ యాప్‌లో ఉంటాయి, చదువుకో.

వేలిముద్ర మెషిన్ ఉంటే ఇంకో టెన్షన్. సిమెంటు కలిపే చేతులకు ముద్ర అరిగిపోతుంది, మెషిన్ గుర్తుపట్టదు. వెనక లైన్‌లోవాళ్లు తోస్తారు, నువ్వు పోయి బస్సెక్కుతావు. లోపలికి వచ్చినట్టు ఉంటుంది, బయటికి వెళ్లినట్టు ఉండదు. నాకోసారి అలా రెండు రోజులు ఆబ్సెంట్ పడింది. ముద్ర పడకపోతే అక్కడే మెషిన్ టైమ్ కనిపించేలా ఫోటో తీసి, అదే రోజు టైమ్ కీపర్‌కి చెప్పు. నెల మూశాక చెబితే తిట్టేవాళ్లలో నేనూ ఒకణ్ని. దోస్తు కార్డు నువ్వు కొట్టడం, నీది వాడు కొట్టడం మాత్రం చేయొద్దు. దొరికితే ఇద్దరూ ఇంటికి టికెట్ కొనుక్కోవాల్సిందే.

చిన్న నోట్‌బుక్ కొనుక్కుని వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్ రాసుకో. సంతకం పెట్టే ముందు టైమ్‌షీట్ ఫోటో తీసుకో. ఖాళీ షీట్ మీద ఎవరడిగినా సంతకం పెట్టకు. నేను పెట్టాను, ఆ కథ ఇప్పుడొద్దు. ఇంటికి మాత్రం ఓటీ డబ్బు సంగతి చేతికి వచ్చాకే చెప్పు.

వచ్చే నెల స్లిప్పులో ఆ 10 గంటలు లేకపోతే నాకు మళ్లీ రాయి. మొత్తం జీతం కాదు, బేసిక్ రాయి.