ప్రతిపక్ష ఎంపీ దగ్గర పని అంటే ధర్నాలేనా?

ప్రశ్న: మాది నరసరావుపేట. మా అమ్మాయి బీఏ చివరి ఏడాది, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ చదువుతోంది. గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో కోచింగ్ ఇప్పిద్దామంటే వినడం లేదు. ఢిల్లీ వెళ్లి ప్రతిపక్ష ఎంపీ దగ్గర పనిచేస్తుందట, పార్లమెంటులో ప్రభుత్వాన్ని నిలదీయడం ఎలాగో నేర్చుకుంటుందట. మా ఇంటావంటా రాజకీయాలు లేవు. ఒకసారి పార్టీ ముద్ర పడితే రేపు ఎక్కడా ఉద్యోగం రాదేమోనని టెన్షన్‌గా ఉంది. అసలు అదొక ఉద్యోగమేనా? అక్కడ ఏం చేస్తారు?
– ఒక తండ్రి

జవాబు: ఉద్యోగమేనండీ. కాకపోతే మీరు భయపడుతున్నట్టుగా ఉండదు, బహుశా మీ అమ్మాయి ఊహించుకుంటున్నట్టుగానూ ఉండదు. ప్లకార్డులు, వెల్‌లోకి దూసుకెళ్లడం, వాకౌట్లు టీవీలో మనకు కనిపించేవి. ఎంపీ ఆఫీసులో పనిచేసే పిల్లలకు వాటితో పెద్దగా పని ఉండదు. వాళ్లు పొద్దస్తమానం కాగితాలు చదువుతారు, కాగితాలు రాస్తారు. మీ అమ్మాయికి చదవడం ఇష్టమా, మైకు ఇష్టమా అన్నది ముందు తేల్చుకోండి. మైకే ఇష్టమైతే ఈ పనిలో నెల తిరక్కుండానే విసుగొస్తుంది.

లోక్‌సభ జరిగే రోజుల్లో ఉదయం 11 గంటలకు ప్రశ్నోత్తరాల సమయం మొదలవుతుంది. రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, గుర్తు లేనివి 230. గుర్తున్న ప్రశ్నకు మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు కూడా ఎదుర్కోవాలి. గుర్తు లేనిదానికి రాతలో జవాబొస్తుంది. ఒక సభ్యుడు ఒక రోజుకు 5 నోటీసులకు మించి ఇవ్వడానికి లేదు. కనీసం 15 రోజుల ముందే ఇవ్వాలి. ప్రశ్న 150 పదాలు దాటకూడదు. ఇన్ని చేసినా ఎవరి ప్రశ్నకు ముందు వరుస దొరుకుతుందన్నది లాటరీయే. పైగా ఆ 20 ప్రశ్నల్లో సభలో నోటి జవాబు దాకా వచ్చేవి కొన్నే, మిగతావాటికి గంట అయిపోతుంది.

ఆ 150 పదాలు రాయడమే మీ అమ్మాయి పని. తేలికగా అనిపిస్తుంది గానీ, కాదు. మీ ప్రాంతం సంగతే చూద్దాం. నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం, సుమారు 309 కిలోమీటర్లు, మీ పల్నాడు మీదుగానే వెళ్తుంది. ‘ఈ లైను ఎప్పుడు పూర్తవుతుంది?’ అని అడిగితే ‘పనులు పురోగతిలో ఉన్నాయి’ అని జవాబొస్తుంది. ఆ జవాబుతో ఎవరికీ ఇబ్బంది లేదు, మంత్రికి అసలే లేదు. పని తెలిసిన సహాయకులు అదే ప్రశ్నను విడగొడతారు. మొత్తం ఎన్ని కిలోమీటర్లకు అనుమతి ఉంది, అందులో రైళ్లు నడుస్తున్నది ఎంత మేర? గత మూడేళ్లలో ఏ ఏడాది ఎంత కేటాయించారు, ఎంత ఖర్చుపెట్టారు? రాష్ట్రం ఇవ్వాల్సిన వాటాలో ఎంత జమైంది? జిల్లాల వారీగా ఇంకా సేకరించాల్సిన భూమి ఎంత? మొదట పెట్టుకున్న గడువేది, దాన్ని ఎన్నిసార్లు పొడిగించారు? ఇక్కడ ‘పురోగతి’ అని రాసి తప్పించుకునే వీల్లేదు. అంకెలు ఇవ్వాలి, లేదా తమ దగ్గర లేవని ఒప్పుకోవాలి.

లేవని ఒప్పుకోవడం కూడా ఒక జవాబే. 2020 సెప్టెంబరు సమావేశాల్లో కోవిడ్ కారణంగా ప్రశ్నోత్తరాల సమయమే తీసేశారు, రాతపూర్వక ప్రశ్నలు మాత్రం మిగిలాయి. లాక్‌డౌన్‌లో సొంతూళ్లకు పోతూ ఎంతమంది వలస కూలీలు చనిపోయారని అడిగితే, అలాంటి లెక్కలు తమ దగ్గర లేవని కేంద్ర కార్మిక శాఖ రాసిచ్చింది. గంటసేపు ప్రసంగం దంచినా అంత ప్రభావం ఉండేది కాదు. మర్నాడు దేశమంతా పత్రికల్లో అదే వార్త.

ఇంకో రకం జవాబుంది: ‘సమాచారం సేకరిస్తున్నాం, సభకు సమర్పిస్తాం.’ కొత్తవాళ్లు దాన్ని చూసి నిరాశపడి ఫైలు మూసేస్తారు. నిజానికి అసలు పని అక్కడే మొదలవుతుంది. అది సభకు ఇచ్చిన హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేర్చారా లేదా అని చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఆ హామీలను తేదీలతో సహా ఒక ఎక్సెల్ షీటులో పెట్టుకుని వెంటపడే మనిషి ఉన్న ఎంపీ ఆఫీసుకీ లేని ఆఫీసుకీ తేడా రెండో సమావేశాలకే తెలిసిపోతుంది.

ప్రశ్నల తర్వాత నాకు ముఖ్యంగా కనిపించేది ప్రజా పద్దుల కమిటీ. 22 మంది సభ్యులు, 15 మంది లోక్‌సభ నుంచి, 7 మంది రాజ్యసభ నుంచి. మంత్రులకు చోటు లేదు. 1967 నుంచి అధ్యక్ష స్థానం ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదికలను ముందేసుకుని శాఖల కార్యదర్శులను కూర్చోబెట్టి అడుగుతారు. మీ అమ్మాయిని ఆ గదిలోకి రానివ్వరు. కానీ ఎంపీ చేతిలో ఉండే నోట్ తయారుచేసేది ఆమె వయసువాళ్లే. వంద పేజీల ఆడిట్ నివేదికను రెండు పేజీలకు కుదించి, ‘ఇదిగో, ఈ పేరాలోని మొత్తానికీ శాఖ ఇచ్చిన వివరణకూ పొంతన లేదు’ అని చూపించగలగాలి. ఎకనామిక్స్ చదివిన పిల్లకు ఇది అక్కరకొచ్చే చోటు.

ఇక గెలుపు ఓటముల సంగతి. పిల్లలు చాలామంది ఇక్కడే డీలాపడతారు. ప్రతిపక్షం పెట్టే సవరణలు దాదాపు అన్నీ వీగిపోతాయి. మంత్రులు కాని సభ్యులు పెట్టిన ప్రైవేటు బిల్లుల్లో స్వాతంత్ర్యం వచ్చాక చట్టాలైనవి 14 మాత్రమే, ఆఖరుది 1970లో. బిల్లులను కమిటీలకు పంపి నింపాదిగా పరిశీలించే అలవాటూ సన్నగిల్లింది. 15వ లోక్‌సభలో (2009–14) 71 శాతం బిల్లులు కమిటీలకు వెళ్తే, 17వ లోక్‌సభలో (2019–24) వెళ్లినవి 16 శాతం. 2023 శీతాకాల సమావేశాల్లోనైతే రెండు సభల్లో కలిపి 146 మంది ప్రతిపక్ష ఎంపీలను సస్పెండ్ చేశారు. రాత్రంతా కూర్చుని నోట్ రాస్తే తెల్లారేసరికి మీ ఎంపీ సభ బయట ఉండొచ్చు. ఇవన్నీ తెలిసే వెళ్లాలి.

మరి దేనికీ శ్రమ అంటారా? మనకు బాగా గుర్తున్న ఉదాహరణే చెబుతాను. 2018 జులై 20న తెలుగుదేశం పెట్టిన అవిశ్వాస తీర్మానం 126–325 ఓట్లతో వీగిపోయింది. వీగిపోతుందని పెట్టినవాళ్లకూ తెలుసు. అయినా ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక హోదా విషయంలో ప్రధాని సభలో నిలబడి తన వైఖరి చెప్పాల్సి వచ్చింది, అది రికార్డులో ఉంది. 2015లో డీఎంకే సభ్యుడు తిరుచ్చి శివ పెట్టిన ట్రాన్స్‌జెండర్ల హక్కుల ప్రైవేటు బిల్లును రాజ్యసభ ఆమోదించింది. అది లోక్‌సభ దాటలేదు గానీ, ఆ అంశంపై 2019లో ప్రభుత్వమే చట్టం తెచ్చింది.

ఇంకో మాట, అమ్మాయికి చెప్పండి: నిలదీయడం ప్రతిపక్షం ఒక్కదాని సొత్తు కాదు. 1957లో ఎల్ఐసీ డబ్బు ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల్లోకి ఎలా వెళ్లిందని లోక్‌సభలో తవ్వి తీసిన ఫిరోజ్ గాంధీ అధికార కాంగ్రెస్ ఎంపీయే, పైగా ప్రధాని అల్లుడు. ఆ వ్యవహారంలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయాల్సొచ్చింది. కాబట్టి ప్రతిపక్ష ఎంపీయే కావాలని పట్టుపట్టనక్కర్లేదు. బాగా చదివే ఎంపీ దొరికితే ఏ పార్టీ అయినా పని నేర్చుకోవచ్చు.

మన శాసనసభల్లో నేర్చుకుంటే పోదా అని మీకు అనిపించవచ్చు, ఇంటికి దగ్గర కూడా. నేను ఢిల్లీకే ఓటేస్తాను. ఇక్కడ సభ నడిచే రోజులు తక్కువ, ప్రతిపక్ష నేతలు సభకు దూరంగా ఉండటం ఎక్కువ. 2017 నవంబరులో వైఎస్సార్ కాంగ్రెస్ సభను బహిష్కరించింది. 2021 నవంబరులో చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని వెళ్లిపోయారు. ఎవరి కారణాలు వాళ్లకున్నాయి, ఆ చర్చ మనకొద్దు. నాయకుడు సభకు వెళ్లని చోట అమ్మాయి నోట్లు చదివేదెవరు?

ఇప్పుడు మీ అసలు భయం. ఈ పనిలోకి వెళ్లే మంచి దారి లాంప్ ఫెలోషిప్. ఏ పార్టీకీ చెందని పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ 2010 నుంచి నడుపుతోంది. ఏ డిగ్రీ అయినా ఫరవాలేదు, వయసు 25 ఏళ్ల లోపు ఉండాలి. ఎంపికైనవాళ్లను ఒక్కో ఎంపీకి కేటాయిస్తారు. వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా పని. అన్ని పార్టీల ఎంపీల దగ్గరా ఫెలోలు ఉంటారు కాబట్టి, రెజ్యూమేలో అది పార్లమెంటు అనుభవంగా కనిపిస్తుంది తప్ప పార్టీ ముద్రగా కాదు. తర్వాత లా, పబ్లిక్ పాలసీ కోర్సులు, పరిశోధన సంస్థలు, జర్నలిజం, సివిల్స్ అన్నిటికీ పనికొస్తుంది. నెలనెలా ఇచ్చే స్టైపెండ్ ఢిల్లీలో గది అద్దెకూ తిండికీ బొటాబొటీ. మొదట్లో మీరు కొంత పంపాల్సి రావచ్చు.

నేరుగా ఎంపీ దగ్గర చేరడం వేరే సంగతి. జీతం, పనిగంటలు ఆ ఎంపీ ఇష్టం. పీఎఫ్ ఉంటుందనుకోవద్దు. ఎంపీ ఓడిపోతే ఉద్యోగమూ పోతుంది. ఎంతిస్తారో, ఏం పని చేయాలో రాతలో తీసుకోకుండా చేరనివ్వకండి. ముద్ర సంగతికొస్తే, నోట్ రాసినంత మాత్రాన పడేది పెద్దగా ఉండదు. ధర్నాకు వెళ్లి పేరు ఎఫ్ఐఆర్‌కి ఎక్కితే మాత్రం ప్రభుత్వోద్యోగాల వెరిఫికేషన్‌లో కేసుల వివరాలు రాయాల్సి ఉంటుంది. ఆ గీత దాటొద్దని చెప్పండి.

రెండో గీత ఇంకా ముఖ్యం. 2005 డిసెంబరులో, ప్రశ్నలు అడగడానికి డబ్బు తీసుకుంటూ కెమెరాకు దొరికిన ఉదంతంలో 11 మంది ఎంపీలను బహిష్కరించారు. 2023 డిసెంబరులో పార్లమెంటు పోర్టల్ లాగిన్ బయటివ్యక్తికి ఇచ్చిన వ్యవహారంలో లోక్‌సభ ఒక సభ్యురాలిని బహిష్కరించింది. ప్రశ్నల డ్రాఫ్టులు ఉండేది సహాయకుల ల్యాప్‌టాప్‌లలోనే. ఏ కంపెనీ మనిషో కాఫీకి పిలిచి ‘ఈ ప్రశ్న మీ సార్‌తో వేయించండి’ అంటే, ఆ మాట ఆ రోజే ఎంపీకి చెప్పేయాలి.

డబ్బు ఖర్చుపెట్టకముందే చిన్న పరీక్ష పెట్టండి. పార్లమెంటు వెబ్‌సైట్‌లో పాత ప్రశ్నలూ జవాబులూ ఉచితంగా దొరుకుతాయి. నడికుడి–శ్రీకాళహస్తి లైను మీద ఇప్పటిదాకా వచ్చిన జవాబులు దొరికినన్ని తీసి, తేదీల వారీగా పక్కపక్కన పెట్టి, ఎక్కడ మాట మార్చారో, ఏ అంకె మాయమైందో రెండు పేజీల్లో రాయమనండి. ఇంగ్లీషులో రాయాలి, తర్వాత మీకు తెలుగులో విడమరిచి చెప్పాలి. తెలుగు ఎంపీల దగ్గరకు నియోజకవర్గం నుంచి అర్జీలొచ్చేది తెలుగులో, ప్రశ్నలు వెళ్లేది ఇంగ్లీషులోనో హిందీలోనో. రెండు వైపులా నడవగలిగితే ఆమెకు గిరాకీ ఉంటుంది.

ఆ రెండు పేజీలు నెలలోపు పూర్తిచేస్తే ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టించండి, దాంతోపాటే పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాయించి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ పొలిటికల్ సైన్స్‌కు కూడా. ఫెలోషిప్‌కు పోటీ గట్టిగా ఉంటుంది, మొదటిసారి రాకపోయినా చదువు ఆగదు, వయసూ ఉంటుంది. పేజీలు సగంలో వదిలేస్తే గ్రూప్స్ కోచింగ్ ఫీజు అప్పుడు కట్టొచ్చు.