రక్షణ కొనుగోళ్ల లెక్కలను స్వతంత్రంగా తనిఖీ చేసేది ఎవరు?

మన దేశంలో ఆ బాధ్యత రాజ్యాంగం 148వ అధికరణ కింద నియమితులయ్యే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌ది, అంటే కాగ్‌ది. కాగ్ నివేదిక రాష్ట్రపతి ద్వారా పార్లమెంటుకు చేరాక, ఆనవాయితీగా ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షత వహించే ప్రజా పద్దుల సంఘం దాన్ని పరిశీలిస్తుంది. అయితే దీనికి పరిమితులున్నాయి. 2016లో కుదిరిన 36 రఫేల్ యుద్ధ విమానాల ఒప్పందంపై 2019 ఫిబ్రవరిలో సభ ముందుకు వచ్చిన నివేదిక, 2007లో రఫేల్‌కే వచ్చిన పాత ధర ప్రతిపాదనతో పోలిస్తే ధర 2.86 శాతం తక్కువని తేల్చింది కానీ, రక్షణ శాఖ పట్టుబట్టడంతో అసలు ధరలను అందులో బయటపెట్టలేదు. శాతం చూపి అసలు మొత్తాన్ని దాచితే సభ్యులు ఆ లెక్కను సొంతంగా సరిచూసుకోలేరు. ఆయుధ వివరాలకు కత్తెర వేయడం సబబే. ధరకూ వేయడం మాత్రం నా దృష్టిలో సమర్థనీయం కాదు. పైగా సంఘం సిఫార్సులను ప్రభుత్వం అమలు చేసి తీరాలనే నిబంధన లేదు, తీసుకున్న చర్యలేమిటో జవాబిస్తే చాలు.