ఊరి బడికి కొత్త గదులు కావాలంటే ముందు ఎవరి దగ్గరికి పోవాలి?

మీ ఊరి బడిలో రెండు గదులు కురుస్తున్నాయని, ఎమ్మెల్యేకు మూడుసార్లు దరఖాస్తు ఇచ్చినా ఏమీ కాలేదని, అసలు పైసలు ఎక్కడి నుంచి వస్తాయని అడిగారు. వరంగల్ జిల్లా నర్సంపేట వైపు మా ఊరి ప్రాథమిక పాఠశాలకు నేను కొన్నేళ్లు కమిటీ చైర్మన్‌గా చేశాను. మేమూ మీలాగే శాలువా, దరఖాస్తు, ఫొటోతోనే మొదలుపెట్టాం.

2023 జూలై వానలు మీకు గుర్తుండే ఉంటాయి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది అప్పుడే. ఆ వానకు మా మూడో తరగతి గదిలో స్లాబు పెచ్చులు ఊడి చువ్వలు బయటపడ్డాయి. పిల్లలను వరండాలో కూర్చోబెట్టి, మేం నలుగురం మండల ఆఫీసుకు పోయాం. అక్కడ కంప్యూటర్ దగ్గరున్న పిల్లగాడు మా బడి కోడ్ కొట్టి తెర మా వైపు తిప్పాడు. ‘తరగతి గదులు 4, మంచి స్థితిలో ఉన్నవి 4.’

‘అన్నీ బాగానే ఉన్నయి కదా సార్, ఇంకెందుకు గదులు?’ అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

అది యూడైస్ లెక్క. ప్రతి బడీ ఏటా గదులు, మరుగుదొడ్లు, నీళ్లు, పిల్లల సంఖ్య అందులో నింపాలి. మా బడిలో ఏళ్ల తరబడి పోయిన ఏడాది ఫారం చూసి అదే ఎక్కిస్తూ వచ్చారు. చైర్మన్‌నై ఉండి ఒక్కసారి కూడా చూపించమని నేను అడగలేదు. బడులకు కేంద్రం, రాష్ట్రం కలిసి పైసలిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద రాష్ట్రం ఏటా కేంద్రానికి పంపే ప్రణాళికకు ఆధారం ఈ లెక్కే. అందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40. లెక్కలో గది బాగుందని ఉంటే ఎవరు సిఫారసు చేసినా ఫైలు ముందుకు కదలదు.

అందుకని ముందు హెచ్‌ఎం దగ్గర ఆ ఫారం ప్రింటు తీసుకుని చూడండి. తప్పుంటే సరిచేయించండి. తర్వాత ఇంజినీరింగ్ శాఖ ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజినీర్‌ను, రప్పించి, గది శిథిలమైందని రాతపూర్వకంగా తీసుకోండి. మాకు అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది ఈ కాగితానికే. అది లేకుండా పాత గదిని కూలగొట్టకూడదు, పాత తలుపులు, దూలాలు అమ్మకూడదు. ఊళ్లో ఎవరో ఒకరు ‘మనమే జేసీబీ పెట్టి తీసేద్దాం’ అంటారు, వినకండి.

అంచనా వేసేటప్పుడు మీరు పక్కనే ఉండండి. మా బడి ఉన్నది నల్లరేగడిలో. అంచనా మాత్రం ఎర్రచెల్కకు వేసినట్టు మామూలు పునాదికే వేశారు. గుంత తీస్తుంటే గట్టి నేల తగలదు, మేస్త్రీ ఇంకా లోతుకు పోవాలంటాడు, డబ్బులేమో పునాదిలోనే అయిపోతున్నాయి. గోడలు లేవకముందే పని ఆగింది. సవరించిన అంచనా వచ్చేదాకా, ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన పైసల్లోంచి నేను మేస్త్రీకి చేబదులు ఇచ్చాను. అవి తిరిగి రావడానికి ఏడాది దాటింది. ఏఈ కొలతలు తీసి ఎంబుక్‌లో (కొలతల పుస్తకంలో) ఎక్కించాకే బిల్లు కదులుతుంది, కాబట్టి జరిగిన పనికి జరిగినట్టే కొలతలు రాయించుకోండి. సొంత డబ్బు పెట్టకండి. నేను పెట్టానని మా ఇంట్లో ఇప్పటికీ వినాల్సి వస్తోంది.

ఇక నిధులు. స్కూల్ గ్రాంటు మీద ఆశ పెట్టుకోవద్దు. 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చేది 25 వేలు, గోడలకు సున్నం వేయించడానికీ చిన్నచిన్న ఖర్చులకూ సరిపోతుంది. ప్రహరీ, వంట షెడ్డు లాంటివి ఉపాధి హామీలో పెట్టించవచ్చు. 2022లో సర్కారు బడుల బాగుకోసం రాష్ట్రం తెచ్చిన మన ఊరు–మన బడి మొదలైనప్పుడు కూడా ఆ నిధులను కలిపారు. 26 వేల పైచిలుకు బడులను మూడు విడతల్లో బాగుచేయాలన్నది అప్పటి లెక్క, మొదటి విడతలో తీసుకున్నవి 9,123. ఎమ్మెల్యే, ఎంపీ నిధులు కూడా వాడొచ్చు. అంచనా కాపీ చేతిలో పెట్టుకుని పోతే మాట వేరేగా ఉంటుంది, మా నాలుగో దరఖాస్తుకు తెలిసింది.

2024లో బడి రిపేర్లు చూసుకునే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. వాటికి మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెచ్‌ఎం కన్వీనర్. మీ ఊళ్లో ఆ అక్క ఎవరో కనుక్కుని, ఏఈ వచ్చే రోజు ఆమెనూ బడికి పిలవండి. మా ఊరి సమాఖ్య అక్కకు పొదుపు పుస్తకాలు రాసి రాసి అలవాటు. మిగిలిన రిపేర్లప్పుడు సిమెంటు బస్తాలు ఎన్ని దిగాయో, ఎన్ని వాడారో తేదీలతో ఒక నోటుబుక్కులో రాసి పెట్టింది. కొలతల దగ్గర మాటామాటా వచ్చిన రోజు ఆ పుస్తకం తెచ్చి బల్ల మీద పెడితే, ఏఈ సారు రెండు పేజీలు తిప్పి చూసి, టేపు తీసి మళ్లీ కొలిచాడు.