వింటేజ్ స్టైల్ ఎలక్ట్రిక్ గిటార్: వైజాగ్‌లో ఉండేవాళ్లు ఏం చూసి కొనాలి?

యాభై వేల బడ్జెట్‌లో ఎలక్ట్రిక్ గిటార్ కోసం మీరు అడిగినవి మూడు. పాత రికార్డుల్లోలా ఖంగుమనే క్లీన్ టోన్ కావాలి, నెక్ (చేత్తో పట్టుకునే పొడుగు మెడ) చేతికి పాత గిటార్‌లా తగలాలి, ఇల్లు పెదవాల్తేరులో సముద్రానికి దగ్గర కాబట్టి తుప్పు గొడవ ఉండకూడదు. మూడోది మాటవరసకి చివర్లో రాశారు గానీ అసలు చిక్కంతా అక్కడే. పాత గిటార్ల లక్షణాల్లో కొన్ని మన ఊరి గాలికి సరిపోతాయి, కొన్ని సరిపోవు. సరిపోనివి వదిలేసిన వింటేజ్ గిటార్ వెతకండి. అచ్చంగా 1950ల నాటి లెక్కల ప్రకారం చేసినదాని వెంట పడొద్దు.

ముందు టోన్. మీరు చెప్పిన ఆ మోత సింగిల్ కాయిల్ పికప్‌ది (తీగల కింద ఉండి వాటి కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, వైరు చుట్టే పికప్; ఇందులో చుట్ట ఒకటే). అంటే ఫెండర్ కంపెనీ టెలీకాస్టర్, పొట్టిగా టెలీ (ఆ పేరు పెట్టింది 1951లో), లేదా స్ట్రాటోకాస్టర్, పొట్టిగా స్ట్రాట్ (1954). గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ 1952లో పీ-90 అనే రకం పికప్‌లతో వచ్చింది, హంబకర్లు (రెండు చుట్టల పికప్‌లు) 1957లో ఎక్కాయి. ఆ గుండ్రటి, లావుపాటి గొంతు వేరు. స్కేల్ పొడవు (మోగే తీగ పొడవు) తేడా కూడా తక్కువేం కాదు: ఫెండర్ రకానికి 648 మిల్లీమీటర్లు, గిబ్సన్ రకానికి సుమారు 628. ఒకే సెట్ తీగలు వేసినా ఫెండర్ మీద బిగువు ఎక్కువ. బెండ్‌కి (తీగని పక్కకి నెట్టి స్వరం పెంచడానికి) వేలు కాస్త కష్టపడాలి, బదులుగా ఒక్కో నోటూ విడివిడిగా పలుకుతుంది.

ఇక నెక్. నా ఉద్దేశంలో కొనాల్సింది నెక్‌నే. పికప్‌లు, పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది కంట్రోళ్లు), బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు, నెక్ నచ్చకపోతే ఆ గిటార్ గోడకే వేలాడుతుంది. పాత ఫెండర్ ఫ్రెట్‌బోర్డ్ (నెక్ మీద వేళ్లు నొక్కే పలక) రేడియస్ 7.25 అంగుళాలు, అంటే బాగా వంపు. బారే కార్డ్‌లు (ఒక వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కేవి) పట్టుకుంటే హాయి. కానీ యాక్షన్ (ఫ్రెట్‌లు అనే లోహపు గీతల మీద తీగల ఎత్తు) తక్కువ పెట్టి 12వ ఫ్రెట్ దాటాక పెద్ద బెండ్ కొడితే, తీగ వంపు మీదుగా పక్కకి జరిగి ముందున్న ఫ్రెట్‌కి తగిలి నోటు చచ్చిపోతుంది. చూడాలంటే మొదటి తీగని 15వ ఫ్రెట్ దగ్గర ఒక టోన్ బెండ్ చేసి పట్టి ఉంచండి. నోటు నిలవకుండా టక్కున ఆగితే, యాక్షన్ పెంచుకోవడమో ఇంకాస్త చదునైన బోర్డ్ చూసుకోవడమో చేయాలి. 9.5 అంగుళాల రేడియస్ మధ్యేమార్గం. ఫెండర్ వారి చవక బ్రాండ్ స్క్వైర్ క్లాసిక్ వైబ్ గిటార్లలో ఉండేది అదే. ఫెండర్ వింటేరా 2లో 7.25 ఉంటుంది. యమహా పసిఫికా 112 మంచి గిటారే, కానీ దాని బోర్డ్ 13.75 అంగుళాలు, ఇంచుమించు చదును. మీరడిగిన పాత ఫీల్ అందులో దొరకదు.

ఫ్రెట్‌బోర్డ్ మేపుల్‌దా, ముదురు చెక్కదా అన్నది టోన్ కన్నా పోషణ విషయం. క్లాసిక్ వైబ్ 60స్ స్ట్రాట్‌లో వచ్చే 'ఇండియన్ లారెల్' అంటే కంగారు పడకండి, అది మన నల్లమద్దే. దానికి పాలిష్ పూత ఉండదు, ఆరు నెలలకోసారి రెండు మూడు చుక్కలు ఫ్రెట్‌బోర్డ్ ఆయిల్ రాసి తుడిచేస్తే చాలు. 50స్ మోడల్ మేపుల్ మీద పూత ఉంటుంది, పొడి గుడ్డతో తుడుచుకుంటే సరి. చెమట ఎక్కువ పట్టే చేతులైతే నెక్ వెనక గ్లాస్ పూత జిడ్డుగా అంటుకుంటుంది. గ్రే రంగు సన్న స్కాచ్ బ్రైట్ పీచుతో నెక్ వెనక మాత్రమే, పొడుగు దిశలో తేలిగ్గా రుద్దితే మెరుపు పోయి చెయ్యి జారుతుంది. గిన్నెలు తోమే పచ్చ పీచు వద్దు, గీతలు పడతాయి. స్టీల్ ఊల్ అసలే వద్దు, ఆ ఇనుప రజను పికప్ అయస్కాంతాలకి పట్టుకుందంటే వదలదు.

వదిలేయాల్సిన పాతదనం ఏమిటంటే, ఒకటి నైట్రో లాకర్ పూత. కొత్తలో అందంగానే ఉంటుంది గానీ మన ఉక్కపోతలో, చెమటకి మెత్తబడి అంటుకుంటుంది, రబ్బరు స్టాండ్ మీద పెడితే మచ్చ పడుతుంది. పాలీ (గట్టి ప్లాస్టిక్ రకం) పూత ఉన్నది తీసుకోండి. రెండోది, ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపు సరిచేసే కడ్డీ) నట్ బాడీ వైపు ఉండటం. పాత పద్ధతి అదే, తిప్పాలంటే నెక్ స్క్రూలు వదులు చేసి నెక్‌ని పైకి లేపాలి. వానాకాలంలో చెక్క తేమ పీల్చుకుని, ఏసీ గదిలో ఆరి, ఏడాదికి రెండుసార్లయినా నెక్ కదులుతుంది. నట్ హెడ్‌స్టాక్ (నెక్ చివర తీగల గూటాలు ఉండే తల) వైపు ఉంటే రెండు నిమిషాల పని. మూడోది పికప్‌లు ఎంచుకునే మూడు పొజిషన్ల స్విచ్. స్ట్రాట్‌కి ఫ్యాక్టరీ నుంచి ఐదు పొజిషన్ల స్విచ్ వచ్చింది 1977లో. రెండేసి పికప్‌లు కలిసి పలికే 2, 4 పొజిషన్ల టోన్ కావాలంటే అదే ఉండాలి.

అపార్ట్‌మెంట్‌లో సింగిల్ కాయిల్ హమ్ చేస్తుంది, అది లోపం కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్ మోత, ఫ్యాన్ రెగ్యులేటర్, లాప్‌టాప్ అడాప్టర్ అన్నీ పికప్‌లోకి వస్తాయి. మధ్య పికప్‌ని ఎదురు దిశలో చుట్టి ఉంటే 2, 4 పొజిషన్లలో హమ్ తగ్గిపోతుంది, కొనేముందు విని చూసుకోండి. తీగల్ని చేత్తో తాకితే హమ్ తగ్గడం మామూలే. తాకినా తేడా లేకపోతే బ్రిడ్జికి వెళ్లే ఎర్త్ వైరు ఊడి ఉండొచ్చు. ఆంప్ ప్లగ్‌ని త్రీపిన్ సాకెట్‌లోనే పెట్టండి, ఆ సాకెట్‌లో నిజంగా ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి.

సెకండ్ హ్యాండ్ చూస్తుంటే మల్టీమీటర్ పట్టుకెళ్లండి. గిటార్ విప్పక్కర్లేదు. కేబుల్ ఒక కొస గిటార్‌లో పెట్టి, రెండో కొస ప్లగ్ కొన మీద ఒక ప్రోబ్, అదే ప్లగ్ వెనక పొడుగు లోహపు భాగం మీద ఇంకో ప్రోబ్ ఆనించి, వాల్యూమ్ ఫుల్‌లో ఉంచి ఓమ్స్ చదవండి. వింటేజ్ రకం స్ట్రాట్ పికప్ 5.5 నుంచి 6.5 కిలో ఓమ్స్ మధ్య చూపిస్తే మామూలు. 2, 4 పొజిషన్లలో రెండు పికప్‌లు సమాంతరంగా ఉంటాయి కాబట్టి సుమారు 3 వస్తుంది. ఒక పొజిషన్‌లో 250 కిలో ఓమ్స్ దగ్గర చూపించిందంటే మీరు చదువుతున్నది వాల్యూమ్ పాట్‌ని. అంటే ఆ పికప్ చుట్ట తెగిపోయిందన్నమాట. వైరు వెంట్రుక కన్నా సన్నం, ఉప్పు తేమ లోపలికి వెళితే పచ్చగా చిలుము పట్టి తెగుతుంది. ఆ పికప్ మార్చాల్సిందే, బేరం దానికి తగ్గట్టు ఆడండి.

పాత రకం స్ట్రాట్ పికప్‌లో పోల్ పీసులు (ఒక్కో తీగ కింద ఉండే అయస్కాంతపు కడ్డీలు) ఎగుడుదిగుడుగా ఉంటాయి. మూడో తీగ కింద పోల్ ఎత్తు. ఆ రోజుల్లో మూడో తీగ పైన సన్న వైరు చుట్టిన తీగ, అది మెల్లగా పలికేది. ఇప్పుడు మనం వేసే ప్లెయిన్ తీగ అక్కడ అరుస్తుంది. పోల్‌ని లోపలికి నొక్కే ప్రయత్నం మాత్రం చేయకండి. పాత పద్ధతిలో వైరు నేరుగా అయస్కాంతాల చుట్టూ చుట్టేస్తారు, కదిపితే తెగుతుంది. పికప్ ఎత్తు సరిచేసుకోవడమే దారి. చివరి ఫ్రెట్ నొక్కి పట్టి, ఆరో తీగ అడుగు నుంచి పోల్‌కి 2.4 మిల్లీమీటర్లు, మొదటి తీగ నుంచి 2.0 పెట్టి మొదలుపెట్టండి. మరీ దగ్గర పెడితే అయస్కాంతం తీగని లాగి, లావు తీగల మీద పై ఫ్రెట్లలో నోటు వణుకుతుంది. నెక్ వంకర అనుకుని ట్రస్ రాడ్ తిప్పేస్తారు చాలామంది.

ఇంటికి తెచ్చాక సెటప్ ఇలా: మొదటి ఫ్రెట్ దగ్గర కేపో (తీగలన్నీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, చివరి ఫ్రెట్ నొక్కి, 8వ ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఖాళీ 9.5 బోర్డ్‌కి 0.25, 7.25 బోర్డ్‌కి 0.30 మిల్లీమీటర్లు ఉండాలి. తర్వాత 17వ ఫ్రెట్ దగ్గర యాక్షన్ 9.5 బోర్డ్‌కి రెండు వైపులా 1.6, 7.25 బోర్డ్‌కి లావు తీగ వైపు 2.0, సన్న తీగ వైపు 1.6. ట్రస్ రాడ్ ఒకసారికి పావు తిప్పుడు మించొద్దు. తీగ చుట్టుకునే గూటం నిలువుగా చీలి నడుమ రంధ్రం ఉంటే, తీగని గూటం దాటి మరో రెండున్నర గూటాల దూరం వదిలి ముందే కత్తిరించి, కొసని ఆ రంధ్రంలోకి దింపి మడిచి చుట్టాలి. అలా కాకుండా పక్కనుంచి చుడితే ట్యూనింగ్ జారుతూనే ఉంటుంది. ట్యూన్ చేస్తుంటే హెడ్‌స్టాక్ మొదట్లో తీగలు ఆనే గాళ్ల పట్టీ (దీన్నీ నట్ అనే అంటారు) దగ్గర 'టింగ్' అంటే గాడిలో మెత్తటి పెన్సిల్ పొడి వేయండి.

టెలీ అనుకుంటే ఒక మాట. పాత మూడు ఇత్తడి శాడిల్స్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే ముక్కలు) మీద రెండేసి తీగలు ఉంటాయి కాబట్టి ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిపోవడం) పూర్తిగా కుదరదు, వాలుగా కోసిన శాడిల్స్ వేస్తే చాలావరకు తీరుతుంది.

మీరు చెప్పిన టోన్‌కీ, యాభై వేల లెక్కకీ నా ఓటు క్లాసిక్ వైబ్ స్ట్రాట్‌కే. 50స్, 60స్‌లలో ఏదన్నది మీ చెయ్యి చెప్పాలి. తుప్పు విషయంలో ఏ బ్రాండ్‌కీ మినహాయింపు లేదు. కోటెడ్ తీగలు (తుప్పు ఆపే పూత ఉన్నవి) వేసుకోండి, వాయించాక తీగల అడుగున కూడా గుడ్డ పోనిచ్చి తుడవండి, సముద్రం వైపు కిటికీ దగ్గర స్టాండ్ మీద వదలకుండా సిలికా జెల్ వేసిన కేసులో పెట్టండి. ముందు పోయేవి బ్రిడ్జి శాడిల్స్‌లోని ఆ చిన్న అలెన్ స్క్రూలు. గిటార్ వచ్చిన రోజే ఒక్కొక్కటీ తీసి, కుట్టు మిషన్ ఆయిల్ అగ్గిపుల్ల కొనతో అద్ది బిగించండి. సెకండ్ హ్యాండ్‌లో కూడా ముందు వాటినే తిప్పి చూడండి. ఒక్కటి కదలకపోయినా శాడిల్ సెట్ ఖరీదు బేరంలో తగ్గించమనండి. ఏవీ కదలకపోతే ఆ గిటార్ వదిలేయండి.