11 వేల జీతమా, 14 వేల కాంట్రాక్టా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బరంపురంలో ఓ ప్రైవేటు స్కూల్లో తొమ్మిదేళ్లు ఇంగ్లిష్ చెప్పాను. దుబాయ్ వచ్చి 28 నెలలైంది. ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసే కంపెనీలో పని. జీతం 11,000 దిర్హాంలు, అందులో బేసిక్ 6,600. ఉద్యోగం మానేసి అదే పని కాంట్రాక్టు మీద చేస్తే నెలకు 14,000 ఇస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా? ఊళ్లో నా పేరున ఇంటి లోను ఇంకా 6 లక్షలుంది, వడ్డీ 9.25 శాతం. పాత పీఎఫ్ అలాగే ఉంది. పాతపట్నం వైపు నా పేరున ఎకరం పొలం కొందామని నాన్నగారు అంటున్నారు.

జవాబు: ఈ రేటుకైతే వద్దు. 3,000 ఎక్కువ అనిపించేది నెల లెక్కలోనే. ఏడాది లెక్క వేస్తే కరిగిపోతుంది.

ఉద్యోగంలో ఏటా మీ చేతికి 1,32,000 వస్తుంది. అందులో ముప్పై రోజులు సెలవు జీతమే. దానికి గ్రాట్యుటీ కలపండి. మొదటి అయిదేళ్లు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున 4,620. మొత్తం 1,36,620. కాంట్రాక్టులో ఊరికొచ్చిన నెలకు డబ్బు రాదు. ఒక ప్రాజెక్టు ముగిసి ఇంకోటి మొదలయ్యేలోగా ఇంకో నెల ఖాళీగా పోతుందనుకోండి, పాఠాల తయారీలో అది మామూలే. పది నెలలకు 1,40,000. తేడా 3,380 దిర్హాంలు. కంపెనీ వీసా రద్దవుతుంది కాబట్టి ఫ్రీలాన్స్ పర్మిట్, దాని మీద నివాస వీసా, ఆరోగ్య బీమా అన్నీ మీ ఖర్చే. ఆ 3,380 వాటికి ఏ మూలకూ సరిపోదు. జ్వరమొస్తే మొదటి 15 రోజులకు ఇప్పుడు పూర్తి జీతం ఉంది, అదీ పోతుంది. నెలకు 16,500కు తక్కువైతే మాట్లాడటం అనవసరం.

ఆ రేటుకు వాళ్లు దిగొస్తే, సంతకానికి ముందు కాంట్రాక్టులో మూడు మాటలు వెతకండి. ‘తుది ఆమోదం తర్వాత చెల్లింపు’ అని ఉంటే ప్రమాదం. సమీక్షకులు మారినప్పుడల్లా పాఠం తిరిగొస్తుంది, మీ బిల్లు ఆగిపోతుంది. స్క్రిప్టు ఇచ్చినప్పుడు 40 శాతం, రికార్డింగు అయ్యాక 40, ఆమోదానికి 20 అని రాయించుకోండి. సవరణలు రెండు విడతలు. మూడోదానికి గంటల లెక్కన డబ్బు. మీ గొంతుతో యంత్ర స్వరం తయారుచేసుకునే హక్కు వాళ్లకిస్తున్నారో లేదో స్పష్టంగా ఉండాలి. ఇస్తే దానికి వేరే ధర. ఈ మాట అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ.

మారినా మారకపోయినా, మానేసిన రోజు మీకు రావాల్సిన గ్రాట్యుటీ ఎంతో ఇప్పుడే తెలుసుకోండి: 28 నెలలకు 10,780 దిర్హాంలు. పని ముగిసిన 14 రోజుల్లో కట్టాలని అక్కడి చట్టం. ‘కాంట్రాక్టులోకి మారుతున్నారు కదా, తర్వాత చూద్దాం’ అంటే ఒప్పుకోకండి.

ఇక ఇండియాలోని సంగతులు. బరంపురంలోని మీ మామూలు సేవింగ్స్ ఖాతా ఈపాటికే ఎన్ఆర్ఓ (విదేశంలో ఉండేవాళ్లు ఇక్కడి ఆదాయం వేసుకునే ఖాతా) కావాలి. అది మార్చి, జీతం పంపుకోవడానికి వేరుగా ఎన్ఆర్ఈ తెరవండి. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు; ఎన్ఆర్ఓ వడ్డీలో 30 శాతం, దాని మీద సెస్సు ముందే కోసేస్తారు.

ఖాతా మారాక, ఆ వివరాలు పీఎఫ్ రికార్డులో సరిచూసుకుని అప్పుడు క్లెయిమ్ వేయండి. మనవాళ్లకు ఎక్కువగా చిక్కొచ్చేది పేరు దగ్గరే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా స్కూలు రికార్డుల్లో అది వెనక పడుతుంది. ఆధార్‌లో ఒకలా, పీఎఫ్‌లో ఒకలా ఉంటే క్లెయిమ్ తిరిగొస్తుంది. ఓటీపీ కోసం ఇక్కడి సిమ్ బతికుండాలి. అయిదేళ్లు దాటిన సర్వీసు కాబట్టి పీఎఫ్ సొమ్ముకు పన్ను పడదు. మానేశాక జమైన వడ్డీకి మాత్రం పడుతుంది.

పీఎఫ్‌లోని పింఛను వాటాను మాత్రం తీసేయకండి. ఫారం 10సీలో డబ్బుకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ (మీ సర్వీసును పింఛను లెక్కలో నిలిపి ఉంచే పత్రం) అడగండి. తిరిగొచ్చి ఇంకో ఏడాది పీఎఫ్ ఉన్న ఉద్యోగం చేస్తే పదేళ్లు నిండి, 58 ఏళ్లకు పింఛను వస్తుంది. డబ్బు తీసుకుంటే ఆ తొమ్మిదేళ్లూ పోయినట్టే.

ఆరు నెలల ఖర్చు ఎన్ఆర్ఈలో పక్కన పెట్టాక, పీఎఫ్‌తో సహా మిగిలిందంతా లోనుకు కట్టండి. మీది ఫ్లోటింగ్ (ఎప్పటికప్పుడు మారే) వడ్డీ అయితే ముందే తీర్చినందుకు జరిమానా లేదు. 9.25 మిగిలించుకోవడం కన్నా మేలైన డిపాజిట్ ఏముంది? తీరాక 30 రోజుల్లో బ్యాంకు దస్తావేజులు తిరిగివ్వాలి. తన తప్పు వల్ల ఆలస్యం చేస్తే రోజుకు 5,000 రూపాయలు మీకు కట్టాలి.

పొలం మీ పేరున కొనడానికి వీల్లేదు. ఎన్ఆర్ఐలు సాగు భూమి కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. నాన్నగారికి మీరు డబ్బు బహుమతిగా పంపితే ఆయనకు పన్ను పడదు. ఆయన పేరుననే కొనమనండి, లోను తీరాకే.