ఆ అయిదు, ఈ ఏడు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. జాజ్ గాయని సెసిల్ మెక్‌లోరిన్ సాల్వాంట్ 2015లో తెచ్చిన 'ఫర్ వన్ టు లవ్' ఆల్బమ్ మీద తెలుగులో రాయాలని నీకు తోచినందుకే ముందు సంతోషించాను. ఆ తర్వాత ఎర్ర కలం తీశాను.

మొదటి పేరా కొట్టేశాను, ఏమీ అనుకోకు. ఆమె మయామీలో పుట్టింది, తండ్రిది హైతీ, తల్లి ఫ్రెంచావిడ, 2010లో థెలోనియస్ మంక్ జాజ్ పోటీలో గెలిచింది, ఈ ఆల్బమ్‌కి 2016లో గ్రామీ వచ్చింది. అన్నీ నిజాలే. కానీ అన్నిటినీ ఒక్కచోట కుక్కేసరికి శుభలేఖ కింద బంధువుల పేర్లలా తయారైంది. ఆ తల్లి ముక్క మాత్రం దాచుకో. పదో పాట ఫ్రెంచి గాయని బార్బరాది, ఈమె ఫ్రెంచిలోనే పాడింది కదా, అక్కడ పనికొస్తుంది.

ఇక అసలు తగాదా. పన్నెండు పాటల్ని నువ్వు రెండు గంపల్లో పోశావు. తను రాసుకున్నవి అయిదు, పాతవి ఏడు. అయిదింటికి మూడు పేజీలిచ్చి, ఏడింటిని "పాత పాటలను సైతం తనదైన శైలిలో ఆలపించింది" అని ఒక్క వాక్యంతో సాగనంపావు. ("తనదైన శైలి" అన్నమాట ఇంకెప్పుడూ రాయకు. ఎవరి శైలి వాళ్లదే గానీ పక్కింటివాళ్లది కాదుగా.) పాత పాటంటే ఖాళీ నింపడానికి వేసిందనుకున్నావు. అక్కడే దెబ్బతిన్నావు.

మూడో పాట నుంచి ఆరో పాట దాకా మళ్లీ విను, మధ్యలో ఆపకుండా. మూడోది 1957లో టీవీ కోసం రాసిన 'సిండ్రెల్లా'లోది. రాజకుమారుడు ఆ పిల్ల వెంటపడితే సవతి అక్కలిద్దరూ "మాలాంటివాళ్లని ఎందుకు చూడడూ" అని ఏడుస్తారు. నాలుగోది సాల్వాంట్ సొంత పాట. పేరే 'లుక్ ఎట్ మీ', నన్ను చూడు అని. అయిదోది 'వైవ్స్ అండ్ లవర్స్', 1963 నాటిది. బర్ట్ బకరాక్ బాణీ, హాల్ డేవిడ్ సాహిత్యం. మొగుడు ఇంటికొచ్చే వేళకి తల దువ్వుకో, ముస్తాబవ్వు, ఆఫీసులో అమ్మాయిలున్నారు జాగ్రత్త అని పెళ్లయినామెకి సుద్దులు చెబుతుంది. ఆరోది మళ్లీ ఆమెదే, 'లెఫ్ట్ ఓవర్'. మనసు పెట్టుకున్నవాడి ప్రేమ ఇంకెవరికో పోతే మిగిలిపోయిన మనిషి పాట.

ఇప్పుడు చెప్పు, ఎన్ని గంపలు కనిపిస్తున్నాయి? అతని చూపు పడలేదని ఒకామె, పడితే చాలని ఒకామె, పడిన చూపు జారిపోకుండా కాపలా కాయమని ఒక సలహా. ఆడవాళ్ల గురించి మగవాళ్లు రాసిన రెండు పాటల మధ్య తన పాట పెట్టింది. 'వైవ్స్ అండ్ లవర్స్'లో ఆమె ఒక్క మాట మార్చలేదు, ఎగతాళి గొంతూ పెట్టలేదు. బుద్ధిగా, ముద్దుగా పాడింది. అలా పాడినందుకే నాకు ఒళ్లు జలదరించింది. ఆ పాట ఒంటరిగా వింటే పాతకాలపు చాదస్తం. ఇక్కడ అటూ ఇటూ ఆమె సొంత పాటలు సాక్షుల్లా నిలబడ్డాయి. ఆ వరస పేర్చడం కూడా రాయడమే. నీ వ్యాసానికి నడుము ఇదే కావాలి.

"అచ్చం మన కచేరీలో త్యాగరాజ కృతి పాడినట్టే" అన్నావు. సగం దూరం వస్తాను నీతో. వందమంది పాడిన కీర్తన మళ్లీ పాడితే మనమూ ఎందుకని అడగం, ఎలా పాడిందో చూస్తాం. కానీ కృతికి ఎంత నెరవు చేసినా, కల్పనస్వరాలు వేసినా రాగం జోలికి పోం. జాజ్‌వాళ్లు స్టాండర్డ్ అనే పాత పాట, అందరూ మళ్లీ మళ్లీ పాడుకునేది, అలా కాదు. బ్రాడ్వే నాటకానికో సినిమాకో పుట్టి, వాద్యగాళ్ల చేతుల్లో పడి, నడక మారి, స్వరాల పొందిక మారి, ఒక్కోసారి బాణీ ఆనవాలే మిగలదు. పోలిక తెస్తే అది ఎక్కడ తెగుతుందో కూడా చెప్పాలి. లేకపోతే తేవద్దు.

నాదీ ఒక తప్పు చెబుతాను, నవ్వుకో. నీ వయసులో ఒక పత్రికకి రాస్తూ, ఒక గాయని పాడిన పాట ఆమె "గుండె కోతలోంచి పుట్టింది" అని పేరా నిండా పొంగిపోయాను. వారం తిరక్కుండా పోస్టుకార్డు వచ్చింది: "ఆ పాట ఆమె పుట్టకముందే ఉందండీ." అప్పటినుంచి పాట ఎవరు రాశారో చూడకుండా కలం పట్టను. నువ్వు చూశావు, మెచ్చుకుంటున్నాను. 'గ్రౌలిన్ డాన్' బ్లాంచ్ కాలొవేదని, ఆవిడ జాజ్ బ్యాండు నాయకుడు కాబ్ కాలొవేకి అక్క అని రాశావు. అయితే 1931లో మగవాళ్ల బ్యాండుని ముందు నిలబడి నడిపించిన ఆడమనిషి పాటని ఈమె రెండో పాటగా ఎందుకు పెట్టిందో అడగలేదు.

ఆరన్ డీల్ పియానో గురించి "అద్భుతం" అని మూడుచోట్ల ఉంది. మూడూ తీసేసి, ఆయన ఎక్కడ ఊరుకున్నాడో ఒక్కచోట రాయి.

పదకొండో పాట దగ్గర, 'వెస్ట్ సైడ్ స్టోరీ'లోది, "మరీ సాగదీసింది" అని రాసి, మళ్లీ అడ్డంగా గీత కొట్టావు. కొట్టివేత కింద అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయి. అది నాటకంలో కుర్రవాడి పాట, ఏదో మంచి జరగబోతోందని ఉవ్విళ్లూరేవాడిది. ఈమె దాన్ని పది నిమిషాలు దాటించింది. నాకు మొదటిసారి నీకనిపించినట్టే అనిపించింది, ఇప్పుడు అనిపించడం లేదు. నీకింకా అనిపిస్తుంటే గీత తీసేసి, ఏ నిమిషం దగ్గర విసుగొచ్చిందో రాసి పంపు. గ్రామీ వచ్చిందని భయపడి కొట్టేసి ఉంటే మాత్రం ఒప్పుకోను.

ఆశీస్సులతో,
మాస్టారు