దుర్ఖైమ్‌ను ఇప్పుడు కూడా ఎందుకు చదవాలి?

మీ ప్రశ్న ఇది: "సివిల్స్‌కి సోషియాలజీ ఆప్షనల్ తీసుకున్నాను. ఎప్పుడో 1917లో పోయిన ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త దుర్ఖైమ్ వల్ల ఇవాళ్టికి మిగిలింది ఏమిటి? ఆత్మహత్యల్లో నాలుగు రకాలు బట్టీ కొట్టడం తప్ప?"

ఆ నాలుగు రకాలూ నేనూ బట్టీ కొట్టినవాణ్ణే. ఎం.ఏ.లో మా సార్ "డర్ఖీమ్" అనేవారు, కోచింగ్‌లో "డర్క్‌హైమ్" అన్నారు. పేరెలా పలకాలో తేలకుండానే పరీక్షలు రాసేశాను, పాసయ్యాను కూడా. ఆయన చెప్పింది అర్థమైంది మాత్రం ఉద్యోగంలో చేరాకే.

ఒక స్వచ్ఛంద సంస్థలో పని. పదో తరగతి తర్వాత చదువు మానేసిన ఆడపిల్లల ఇళ్లకు వెళ్లి, ఎందుకు మానేశారో రాసుకురావాలి. ఒక ఇంట్లో నాయనమ్మకు పక్షవాతం, చూసేవాళ్లు లేరు. ఇంకో ఇంట్లో మేనబావతో సంబంధం కుదిరింది. మరో ఊళ్లో కాలేజీ టైముకి వచ్చే బస్సు ఆపేశారు. ఒకమ్మాయి "నాకే ఇష్టం లేదు సార్" అంది, వాళ్లమ్మ వైపు చూస్తూ. ఏ ఇంటి కథ ఆ ఇంటిదే. మా ఫారంలో "ఇతర కారణాలు" అనే గడి ఎప్పుడూ సరిపోయేది కాదు.

మూడో ఏడు పాత ఫారాలన్నీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. పిల్లలు మారారు, ఇళ్లు మారాయి, చెప్పిన కారణాలూ మారాయి. ఊరివారీగా మానేసినవాళ్ల లెక్క మాత్రం దాదాపు మారలేదు. ఎక్కువున్న ఊళ్లో ఏటా ఎక్కువే, తక్కువున్న ఊళ్లో ఏటా తక్కువే. నాయనమ్మలకు పక్షవాతం ఆ ఒక్క ఊళ్లోనే ఏటా అదే లెక్కన ఎందుకొస్తుంది?

అప్పుడు గుర్తొచ్చాడు దుర్ఖైమ్. 1897లో ఆయన రాసిన ఆత్మహత్యల పుస్తకం మొదలయ్యేదే దాదాపు ఈ ప్రశ్నతో. ప్రాణం తీసుకున్న ప్రతి మనిషి వెనకా ఒక సొంత దుఃఖం ఉంటుంది, దాన్ని ఆయన కాదనలేదు. కానీ ఒక దేశంలో ఆత్మహత్యల రేటు ఏళ్ల తరబడి పెద్దగా కదలదు, పక్క దేశంలో అది వేరే అంకె దగ్గర నిలబడి ఉంటుంది. ఒక్కొక్కరి కారణాలన్నీ పోగేసినా ఈ నిలకడ అర్థం కాదు. మనిషి కథ వేరు, రేటు కథ వేరు. రేటుకి కారణం వెతకాల్సింది మనిషి మనసులో కాదు, అతను ఎవరితో, ఎంత గట్టిగా ముడిపడి ఉన్నాడన్న దాంట్లో. ప్రొటెస్టెంట్లలో ఎక్కువ, కాథలిక్కుల్లో తక్కువ. పెళ్లికాని వాళ్లలో ఎక్కువ, పిల్లలున్న ఇళ్లలో తక్కువ. విప్లవాలు, యుద్ధాల రోజుల్లో తగ్గుతుంది. 1873లో వియన్నా మార్కెట్ కుప్పకూలినప్పుడు పెరిగిందంటే సరే అనుకుంటాం. 1878లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన పెట్టి వ్యాపారం కళకళలాడినప్పుడూ పెరిగిందని చూపించాడు. అంటే పేదరికం ఒక్కటే కాదు, ఎంతవరకు ఆశపడొచ్చో చెప్పే హద్దులు చెదిరినా ప్రమాదమే. అనోమీ అన్న మాట వెనక ఉన్నది ఇదే.

ఈ లెక్కల కోసం మేనల్లుడు మార్సెల్ మోస్ దాదాపు 26,000 కేసుల కాగితాలు విడదీసి పెట్టాడు. ఆ కాగితాలు చూడనిచ్చిన న్యాయశాఖ గణాంకాల అధికారి గాబ్రియెల్ తార్ద్ ఎవరనుకున్నారు? దుర్ఖైమ్ సిద్ధాంతాన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు, ఆ పుస్తకంలోనే దెబ్బలు తిన్నవాడు.

నా దృష్టిలో నిలిచిపోయింది, మనిషి కథ వేరు, రేటు కథ వేరు అన్న ఈ చూపే. "సోషల్ ఫ్యాక్ట్" (ఏ ఒక్కరిదీ కాకుండా అందరినీ నడిపించేది) అని మనం పాయింట్లు రాసుకునేదీ ఇదే. సమాజాన్ని ఎలా అధ్యయనం చేయాలో చెప్పే 1895 నాటి పద్ధతుల పుస్తకంలో ఆయనిచ్చిన ఉదాహరణలు చాలా మామూలువి: నేను ఫ్రెంచిలోనే మాట్లాడాలని, చెలామణిలో ఉన్న డబ్బే వాడాలని నన్నెవరూ బలవంతపెట్టరు, అయినా నాకు వేరే దారి లేదు. ఇది చదివినప్పుడల్లా మా అక్క పెళ్లి గుర్తొస్తుంది. కట్నం తప్పని జీవితమంతా చెప్పిన మా నాన్న, ఎవరూ నోరు తెరిచి అడగకుండానే డబ్బు సర్దాడు. అడిగితే "అడగలేదు కాబట్టే ఇవ్వాలిరా" అన్నాడు. ఆ బలవంతం ఏ ఒక్కరి దగ్గరా లేదు, అందరి మధ్యా ఉంది.

మిగతావి మీ నోట్సులో ఎలాగూ ఉంటాయి. 1893 నాటి శ్రమ విభజన పుస్తకం, 1912లో మతం మీద రాసింది (ఆస్ట్రేలియా ఆదివాసుల గురించి, ఆ ఖండంలో కాలు పెట్టకుండానే) రెండూ పెద్దవే, నాకు మాత్రం పనిలో అంతగా అక్కరకు రాలేదు. ఒక్క సంగతి మాత్రం కోచింగ్‌లో చెప్పరు: 1887లో ఫ్రాన్స్‌లోని బోర్డో యూనివర్సిటీలో ఆయన్ని తీసుకున్నది సామాజిక శాస్త్రం ఒక్కదానికే కాదు, స్కూలు టీచర్లకు బోధనాశాస్త్రం చెప్పడానికి కూడా. సోషియాలజీ అక్కడి యూనివర్సిటీల్లోకి టీచర్ ట్రైనింగ్ గుమ్మంలోంచి వచ్చింది.

లోపాలూ రాయండి, మార్కులు అక్కడే. ఆయన నమ్ముకున్నది ప్రభుత్వ లెక్కల్ని. పరువు పోతుందని ఇంట్లోవాళ్లు దాచేస్తే? ఏది ఆత్మహత్యో రాసే అధికారి ఎలా తేలుస్తాడు? 1967లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త జాక్ డగ్లస్ పట్టుకున్నది ఇక్కడే. ఇది నాకు కొత్త కాదు. హాజరుపట్టీలో పేరుండి, టిక్కు పడుతూ, పిల్ల మాత్రం పత్తి చేలో ఉండటం కళ్లారా చూశాను.

ఇక ఆడవాళ్ల దగ్గర ఆయన మరీ తడబడ్డాడు. పెళ్లి వల్ల ఎక్కువ రక్షణ మగవాళ్లకేనని తన లెక్కల్లోనే తేలింది. తేలాక, ఆడవాళ్ల మానసిక జీవితం అంతగా ఎదగలేదు కాబట్టి వాళ్లకు సమాజం అవసరం తక్కువ అనేశాడు. అంత జాగ్రత్తగా లెక్కలు తీసిన మనిషేనా ఈ మాట రాసింది అనిపిస్తుంది.

చదవడం మొదలుపెడితే పద్ధతుల పుస్తకంలో మొదటి అధ్యాయం చాలు, చిన్నదే. తర్వాత ఆత్మహత్యల పుస్తకంలో అనోమీ అధ్యాయం. దాని చివర ఫుట్‌నోటు వదలకండి. మీరు బట్టీ కొడుతున్న నాలుగో రకం ఉన్నది అక్కడే, చిన్న అక్షరాల్లో: హద్దులు మరీ బిగిసి, భవిష్యత్తు కళ్లముందే మూసుకుపోయినవాళ్లు. పిల్లల్లేని భార్యల్ని, బానిసల్ని అక్కడ తలుచుకున్నాడు. ఈ రకానికి ఇప్పుడు ప్రాముఖ్యం తక్కువని, ఉదాహరణలు దొరకడం కష్టమని కూడా అక్కడే రాశాడు. నా ఫారాల కట్టలో "నాకే ఇష్టం లేదు సార్" అన్నమ్మాయి కాగితం ఇంకా ఉంది. దాని మీద కారణం గడి ఖాళీగా వదిలేశాను.